అడిగి నడిచిన దారి

మా ఊరు ఇప్పుడున్న చోట ఉండాల్సింది కాదు. ఒకప్పుడు అది మార్ల్‌కాట్ హాల్ అనే దొరల బంగళా పక్కనే, చర్చి చుట్టూ ఉండేది. సర్ జాస్లిన్ డార్న్‌ఫర్డ్ అనే ఆయన పొద్దున్నే గుడ్డు తింటూ కిటికీలోంచి చూస్తే మావాళ్ళ పొగగొట్టాలూ, తీగల మీద ఆరేసిన లంగాలూ కనబడేవి. ఆయనకది నచ్చలేదు. ఇళ్ళన్నీ పీకించి, గుట్టకు ఇవతల ఇటుకతో కట్టించి ఇచ్చాడు. చర్చిని మాత్రం కదిలించలేకపోయాడు. బిషప్పు ఒప్పుకోలేదు. అందుకని మా చర్చీ, మా చచ్చినవాళ్ళూ ఆయన పచ్చికలో ఉండిపోయారు. బతికున్నవాళ్ళం ఇవతలికి వచ్చిపడ్డాం.

కాలిదారి అప్పుడే పుట్టింది. ఊరి చివర చిన్న గేటు దగ్గర మొదలై, గుట్టను చుట్టి, హాల్ ముందునుంచి చర్చి దాకా పోతుంది. పాత బగ్గీల బాట కనక నేల చదునుగా ఉంటుంది.

బుట్ట కూడా అప్పుడే పుట్టిందంటారు. ఇళ్ళు మారిన ఏడాది, పళ్ళు కోసే రోజుల్లో, టఫ్లీ అనే ఇంటావిడ తన తల్లి సమాధికి వెళ్ళాలని హాల్ వంటింటి తలుపు కొట్టిందట. చేతిలో బుట్ట. బుట్టలో డామ్సన్ పళ్ళ పాకం. డామ్సన్ అంటే వేలి కణుపంత నల్లటి పులుపు పండు. దాన్ని చక్కెరతో గంటల తరబడి ఉడికిస్తే కత్తితో కోసేంత గట్టిపడుతుంది. "దొరగారూ, ఈ ఏడు నడవనిస్తారా?" అని అడిగిందట. సర్ జాస్లిన్ ఆ పూట మంచిగా ఉన్నాడు కాబోలు, "నడవండి, సంతోషంగా నడవండి" అన్నాడట.

అప్పట్నుంచి ఏటా సెప్టెంబరు చివర మైకేల్ పండుగనాడు టఫ్లీల ఇంటి ఆడమనిషి బుట్ట మోసుకెళ్ళి అదే మాట అడుగుతుంది. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు అదే జవాబు చెబుతారు. పాకం మాత్రం ఊళ్ళో వంతులవారీగా ఒక్కో ఏడాది ఒక్కో ఇంట్లో వండేవాళ్ళు. మేం దానికి ఎంత మురిసిపోయేవాళ్ళమో చెప్పలేను. పక్క ఊరివాళ్ళకు అలాంటిది లేదు.

డార్న్‌ఫర్డ్‌ల ఆఖరివాడు గుర్రప్పందేల్లో ఇల్లు పోగొట్టుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో ఇనప మంచాలు చేసే జోసయ్య ట్రాంటర్ కొన్నాడు. ఆయన ఇంటి నెత్తిన గడియారం గోపురం పెట్టించాడు. అది ఎప్పుడూ సరైన టైం చూపించలేదు. బుట్టను చేతితొడుగులు వేసుకుని అందుకునేవాడట. ఆయన కొడుకు ఎడ్మండ్ మాత్రం గుమ్మంలోనే నిలబడి సగం పాకం తినేసేవాడు. అందుకని ఆయనంటే ఊరికి ఇష్టం. ఊరి చివర చిన్న గేటు ఆయన కాలంలోనే మా నాన్న చేశాడు. ఓక్ చెక్క. కొట్టి బిగించిన మేకు ఒక్కటీ లేదు, అంతా చెక్కలో చెక్క దూర్చి చెక్క సీలలతో బిగించిందే.

ఎడ్మండ్ ట్రాంటర్‌కు పిల్లల్లేరు. ఇల్లు కెన్యాలో ఉన్న మేనల్లుడికి వచ్చింది. అతనెప్పుడూ రాలేదు. ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టేశారు. యుద్ధంలో ప్రభుత్వం వాళ్ళు పైగదుల్లో పాత ఫైళ్ళు దాచి మరిచిపోయారు. పొగగొట్టాల్లో కాకులు గూళ్ళు పెట్టాయి. నా చిన్నతనమంతా ఆ ఇల్లు అలాగే ఉంది. నాకు గడ్డం వచ్చాక గానీ మిసెస్ కవర్డేల్ రాలేదు. ఆవిడ ఇల్లు కొని పైకప్పు బాగుచేయించింది, కాకుల్ని తోలింది, బుట్ట సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బుట్ట మోసిన ఆడవాళ్ళందరి పేర్లూ బంగారు రంగుతో రాయించి చర్చి గోడకు పలక తగిలించింది. పై పేరు నుంచి కింది పేరు దాకా అన్నీ టఫ్లీలే. ఒకరి ఏళ్ళు ఎక్కడ ఆగితే తరువాతివారివి అక్కడ మొదలవుతాయి. మధ్యలో ఖాళీ లేదు.

ఆవిడ పోయాక స్లీత్ అనే అతను కొన్నాడు. లండన్‌లో ఏదో చేస్తాడు. ఏం చేస్తాడో అతనికే తెలియాలి. పెద్ద గేటు తీసేసి కరెంటుతో తెరుచుకునే ఇనప గేటు పెట్టించాడు. దాని పక్కనే ఉన్న మా నాన్న గేటుకు గొళ్ళెం వైపు గొలుసు చుట్టి తాళం వేయించాడు. ప్రైవేటు స్థలం అని బోర్డు.

ఆ తాళం చూసి వచ్చి మేవిస్‌కు చెప్పాను. మేవిస్ నా భార్య. తుంటి విరిగినప్పట్నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటుంది. టీ తాగుతోంది. కప్పు కింద పెట్టింది.

"మరి కోలిన్?" అంది.

కోలిన్ మా అబ్బాయి. వాడు చర్చి వెనక యూ చెట్టు కింద ఉన్నాడు. ప్రతి శనివారం మేవిస్‌ను ఆ దారిన తోసుకెళ్ళేవాణ్ణి. అక్కడ ఆవిడ వాడితో ఏదో మాట్లాడుకునేది. నేను కొంచెం దూరంగా నిలబడి కంచె చూస్తూ ఉండేవాణ్ణి.

కారులో వెళ్ళొచ్చు గదా అంటారు. కారు పోయేది చర్చి వెనక సందు దాకానే. అక్కడ్నుంచి వాగు మీద ఒంటి పలక, ఆపైన రాతిమెట్లు. ఎత్తుకుని తీసుకెళ్తానన్నాను ఒకసారి.

"బంగాళాదుంపల బస్తాలా వాడి ముందుకెళ్ళనా?" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

ఊరి కౌన్సిలు పెద్ద లస్క్ గారు అందర్నీ ఊరి సమావేశాల హాల్లోకి పిలిచాడు. స్టాఫర్డ్ నుంచి రిటైరై వచ్చిన మనిషి. మంచివాడు. ఎక్కువ మాట్లాడతాడు.

"చట్టం మనవైపే ఉంది," అన్నాడు. "ఇరవై ఏళ్ళు జనం నడిస్తే అది జనం దారి. ఎవడూ మూయలేడు. కాకపోతే నడిచింది దౌర్జన్యంగా కాకూడదు, దొంగచాటుగా కాకూడదు, అడిగి కాకూడదు."

"అడిగి కాకూడదంటే?" అని ఎవరో అన్నారు.

"అనుమతి తీసుకుని నడిస్తే అది యజమాని దయ. మన హక్కు కాదు. తీసుకోకుండా నడిస్తేనే హక్కు."

అందరి తలలూ ముందు వరసలో కూర్చున్న, ఇప్పుడు బుట్ట మోసే మిస్ టఫ్లీ వైపు తిరిగాయి. ఆవిడ ఒళ్ళో చేతిసంచీ, దాని మీద రెండు చేతులూ.

"అంటే మేం మర్యాదగా ఉన్నందుకు ఇదా?" అంది ఆవిడ.

"అలా అనకండి మిస్ టఫ్లీ గారూ..."

"మరెలా అనమంటారు? తలుపు తన్ని వెళ్ళి ఉంటే బావుండేదా?"

"తన్నడం కూడా పనికిరాదండీ," అన్నాడు లస్క్ గారు నీరసంగా.

ఆ రాత్రి నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. మర్నాడు లస్క్ గారి ఇంటికి వెళ్ళాను. ఇల్లు ఖాళీగా ఉన్న కాలం సంగతి చెప్పాను. ఎడ్మండ్ పోయినప్పట్నుంచి కవర్డేల్ గారు వచ్చేదాకా ఇరవై ఏళ్ళు దాటింది. అడగడానికి ఎవరూ లేరు. మేం నడిచాం. అమ్మ నన్ను చేయిపట్టుకుని ఆ దారినే చర్చికి తీసుకెళ్ళేది. బుట్ట లేదు. చక్కెర రేషనులో ఉంటే పాకం ఎక్కణ్ణుంచి వస్తుంది? యుద్ధం అయ్యాక ఒక ఏడాది మా ఇంటి వంతు వచ్చింది. దాచుకున్న చక్కెరంతా పోసి అమ్మ వండింది. తీరా వండాక, "ఎవరికిద్దాం, కాకులకా?" అంది. మేమే తిన్నాం. ఆ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

లస్క్ గారు కుర్చీలోంచి లేచాడు. ఆయన నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తాడు. "ప్రీస్, ఇదే మనకు కావలసింది. ఏ ఇరవై ఏళ్ళయినా చాలు. పాతవైనా ఫరవాలేదు. కానీ నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. మిస్ టఫ్లీ పెద్దది. బుట్ట వాళ్ళ ఇంటిది. ఆవిడ చెబితే తిరుగుండదు."

ఇద్దరం కలిసి ఆవిడ ఇంటికి వెళ్ళాం. వంటింట్లోకి రమ్మంది, షాజీరా వేసిన సీడ్ కేకు కోసింది. బుట్ట పొయ్యి పక్కన కొక్కేనికి వేలాడుతోంది.

"ఒక్క ముక్క చెబితే చాలండీ," అన్నాడు లస్క్ గారు. "కవర్డేల్ గారు రాకముందు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ రోజుల్లో బుట్ట వెళ్ళలేదు. అంతే."

"వెళ్ళలేదని ఎవరన్నారు?"

"ఎవరికిస్తారండీ? కాకులు తప్ప ఎవరూ లేరుగా."

"మీదే ఊరు లస్క్ గారూ?"

"స్టాఫర్డ్."

"అదీ సంగతి," అని ఆవిడ ఆయన కప్పులో టీ పోసింది.

నేను చెప్పాల్సి వచ్చింది. "మిస్ టఫ్లీ గారూ, మా అమ్మ వంతు వచ్చినప్పుడు మేమే తిన్నాం. మీకు తెలుసు. మీరు కూడా వచ్చి ఒక ముక్క తిన్నారు."

ఆవిడ నా వైపు చూసింది. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో మాకు చెప్పేటప్పుడు చూసినట్టే.

"ఒరే ఈనక్. నీకప్పుడు ముక్కు తుడుచుకోవడం రాదు. నా సంగతి నువ్వు చెబుతావా?"

"మేవిస్‌కు దారి కావాలండీ."

"మేవిస్‌కు దారి కావాలి. మరి మా అమ్మకేం కావాలి? పలక మీద మా అమ్మ పేరు చూశావా? పక్కన ఏళ్ళు చూశావా? అవి అబద్ధమని ఊరందరి ముందూ నేను చెప్పాలా? నా చేత్తో ఆవిడ పేరు గీకెయ్యమంటావా?"

"గీకెయ్యడం ఎందుకండీ..."

"మరింకేమిటి? బుట్ట ఒక్క ఏడాది తప్పినా అది బుట్ట కాదు. మామూలు తట్ట. ఆ మాత్రం నీకు తెలియదా?"

కేకు పొడిగా ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక లస్క్ గారు, "విచారణ దాకా ఆలోచించుకుంటుందిలే," అన్నాడు. ఆయనకు మా ఊరు ఇంకా తెలియదు.

విచారణ ఊరి హాల్లోనే జరిగింది. బ్యాడ్మింటన్ గీతల మీద బల్ల వేసి ప్రభుత్వం పంపిన అధికారి కూర్చున్నాడు. స్లీత్ రాలేదు. అతని తరఫున మిసెస్ హాలమ్ అనే లాయరమ్మ వచ్చింది. కఠినంగా ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే మా మేనత్తలా ఉంది. చేతల్లిన కార్డిగన్, మెత్తటి గొంతు. సాక్షులకు తనే మంచినీళ్ళు అందించింది.

అంతకుముందు వారమంతా లస్క్ గారు ఇంటింటికీ తిరిగి, బుట్ట మాట ఎత్తవద్దు, అడిగినదానికే జవాబు చెప్పండి, అని బతిమాలాడు. అందరూ తల ఊపారు.

మొదట రొట్టెల దుకాణం బార్బరా వెళ్ళింది. నలభై ఏళ్ళుగా నడుస్తున్నానంది. చక్కగా చెప్పింది. అప్పుడు హాలమ్ గారు, "మీ ఊళ్ళో ఏదో అందమైన ఆచారం ఉందటగా? నేను వచ్చేదారిలో విన్నాను. అలాంటివి ఇంకా ఉన్నాయంటే నాకెంత సంతోషంగా ఉందో," అంది.

బార్బరా మొహం వెలిగిపోయింది. లస్క్ గారు కళ్ళు మూసుకున్నాడు. బార్బరా బుట్ట సంగతంతా చెప్పింది. పాకంలో లవంగం వెయ్యాలా వద్దా అన్న దగ్గర ఆగి, వెయ్యకూడదని కూడా చెప్పింది.

తరువాత వచ్చినవాళ్ళు బార్బరా మరిచిపోయినవి చెప్పారు. పాలవాడు బుట్ట మీద కప్పే గుడ్డ రంగు చెప్పాడు. చర్చి గంట కొట్టే నెడ్, కవర్డేల్ గారు "సంతోషంగా నడవండి" అనేటప్పుడు చెయ్యి ఎలా ఊపేవారో చేసి చూపించాడు. హాల్లో అందరూ నవ్వారు. హాలమ్ గారు కూడా నవ్వి, రాసుకుంది. నాకు లేచి నెడ్ నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది. పక్కన మేవిస్ తన చేతులు దుప్పటి కింద దాచుకుని కూర్చుంది.

ఆఖరుకు మిస్ టఫ్లీ. నీలం కోటు, పండుగలకు పెట్టుకునే టోపీ. లస్క్ గారే అడిగాడు.

"మిస్ టఫ్లీ గారూ, హాల్ ఖాళీగా ఉన్న రోజులు మీకు గుర్తున్నాయి గదా?"

"నిన్నటిలా గుర్తున్నాయి."

"ఆ రోజుల్లో ఊరివాళ్ళు ఆ దారిన నడిచేవారా?"

"రోజూ."

"ఎవరినైనా అడిగేవారా?"

ఆవిడ తొందరపడలేదు. చేతిసంచీ తెరిచి రుమాలు తీసి, మళ్ళీ లోపల పెట్టి, సంచీ మూసింది.

"బుట్ట ఏనాడూ తప్పలేదు," అంది. "మా అమ్మ ఏటా తీసుకెళ్ళింది. ఎవరూ లేకపోతే గుమ్మంలో పెట్టి, తలుపుతోనే అడిగింది. మా ఇంటి ఆడవాళ్ళు తమకు లేని హక్కును ఎప్పుడూ వాడుకోలేదు."

హాలంతా చప్పట్లు. మా పక్షంవాళ్ళే. దారి కావాలని సంతకాలు పెట్టినవాళ్ళే.

తరువాత నన్ను పిలిచారు. నాకు మాటలు రావు. ఖాళీ ఇల్లు, కాకులు, మా అమ్మ వండిన పాకం, ఉన్నదున్నట్టు చెప్పాను. యుద్ధమప్పుడు చక్కెర లేదు గనక పాకమే లేదని చెప్పాను.

"మా అమ్మ తేనెతో చేసింది," అంది మిస్ టఫ్లీ కూర్చున్నచోటునుంచే.

"మీ వంతు అయిపోయిందమ్మా," అన్నాడు అధికారి.

జనం నవ్వారు. టఫ్లీల పెరట్లో తేనెపెట్టె ఎప్పుడూ లేదు. వాళ్ళ అమ్మ తేనెటీగ కనబడితే పాలగదిలోకి దూరి గడియ వేసుకునేది. అది ఆ హాల్లో సగంమందికి తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు.

హాలమ్ గారు లేచింది. నాకూ నీళ్ళిచ్చింది.

"ప్రీస్ గారూ, మిస్ టఫ్లీ అబద్ధం చెబుతున్నారంటారా?"

ఆవిడ టోపీ వైపు చూశాను. దానికి చిన్న ఈక ఉంది. అది వణుకుతోంది.

"ఆవిడ నాకు ఆదివారం బడిలో పది ఆజ్ఞలూ నేర్పారండీ," అన్నాను.

"నేనడిగింది అది కాదు."

ఔను అనాలి. ఒక్క మాట. మేవిస్ నన్నే చూస్తోంది. ఊరు కూడా చూస్తోంది. ఎనభై దాటిన మనిషిని, తల్లి పేరు కాపాడుకుంటున్న మనిషిని, అబద్ధాలకోరు అని ఊరి మధ్య అనడం ఎలా? ఆ మాట నోట్లోనే తిరిగింది.

"ఆవిడకు వేరేగా గుర్తుంది," అన్నాను.

"కృతజ్ఞతలు ప్రీస్ గారూ," అని హాలమ్ గారు కూర్చుంది. పెన్సిలు కూడా ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి, మా గేటు తీసి, మెట్టు మీదుగా కుర్చీ ఎక్కిస్తుంటే మేవిస్ అంది.

"వేరేగా గుర్తుందట."

తరువాత చాలా రోజులు ఆ మాటే. పొయ్యి మీద పాలు పొంగితే, "కట్టేశాననుకున్నావా? నీకు వేరేగా గుర్తుందేమో." నేను బూట్లతో వంటింట్లోకి వస్తే అదే. కోపంగా అంటే నేనూ ఒక తిట్టు తిట్టి ఊరుకునేవాణ్ణి. మామూలు గొంతుతో అనేది.

తీర్పు వేసవిలో వచ్చింది. ఊరివాళ్ళు తరతరాలుగా అనుమతి తీసుకునే నడిచారు కనక అది హక్కు కాదన్నారు. అలాంటి మర్యాద గల ఊరిని చూడటం అరుదని ఒక వాక్యం కూడా రాశారు. నెడ్ ఆ వాక్యాన్ని పబ్బులో పైకి చదివి వినిపించాడు. కొందరు సంతోషపడ్డారు. నిజంగానే సంతోషపడ్డారు.

స్లీత్ పత్రికవాళ్ళకు ఏదో చెప్పాడు. ఆ ఆచారం తనకు ముచ్చటగా ఉందట. ఎవరైనా వచ్చి మర్యాదగా అడిగితే తప్పకుండా ఆలోచిస్తాడట.

మైకేల్ పండుగ ముందురోజు మిస్ టఫ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. బుట్ట, మీద గళ్ళ గుడ్డ. చేతివేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. బుట్ట కిందపెట్టి వేళ్ళు రుద్దుకుంది.

"ఈ ఏడు నేను మొయ్యలేను. మేవిస్ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి. అడిగితే ఇస్తానన్నాడు గదా."

"నేను పోను," అన్నాను.

"నిన్నెవరు అడిగారు? నేను మేవిస్‌నడిగాను. నువ్వు కుర్చీ తోస్తే చాలు."

మేవిస్ బుట్ట వైపు చూసింది, ఆవిడ వేళ్ళ వైపు చూసింది. "అక్కడ పెట్టండి," అంది.

ఆవిడ వెళ్ళాక నేను గొణుక్కుంటూ ఉన్నాను. దారి పోగొట్టింది ఈ బుట్టే. మళ్ళీ దీన్నే మోసుకెళ్ళి వాడి ముందు నిలబడాలా?

"నాకు చట్టం వద్దు ఈనక్," అంది మేవిస్. "యూ చెట్టు కిందికి వెళ్ళాలి. వాణ్ణి చూసి ఏడాదయింది. అడుగుతాను. కావాలంటే ఆ స్లీత్ బూట్లు కూడా తుడుస్తాను."

మర్నాడు మబ్బుగా ఉంది. బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి చివరికి తోసుకెళ్ళాను. ఇనప గేటు స్తంభానికి ఒక బొత్తం, బొత్తం పైన చిన్న జల్లెడలాంటిది. మేవిస్ గొంతు సవరించుకుంది. నేను బొత్తం నొక్కాను.

ఏదో గుర్రుమంది. ఆగింది.

"దొరగారూ, ఈ ఏడు నడవనిస్తారా?" అంది మేవిస్ ఆ జల్లెడతో.

జవాబు లేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అడిగింది, ఈసారి కొంచెం గట్టిగా. గుట్ట మీదుగా తొంగిచూస్తున్న హాల్ పై అంతస్తు కిటికీలన్నిటికీ లోపలి తలుపులు మూసి ఉన్నాయి. పొగగొట్టాల మీద రెండు కాకులు వాలి ఉన్నాయి. గోపురం గడియారం ఏదో తప్పు టైం చూపిస్తోంది.

"ఇంట్లో ఎవరూ లేరు," అన్నాను.

"ఇంకోసారి నొక్కు."

నొక్కాను. గుర్రుమంది. అంతే.

మేవిస్ బుట్ట మీద గుడ్డ సర్దింది. చాలాసేపు ఆ కాకుల వైపు చూసింది.

"నీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే మీరేం చేసేవాళ్ళు?"

"నడిచేవాళ్ళం."

"మరి నిలబడ్డావేం?"

మా నాన్న గేటు వైపు చూశాను. గొళ్ళెం వైపు గొలుసు లావుగా, కొత్తగా ఉంది. అది తిరిగే రెండో వైపు మాత్రం గేటు మామూలుగా రెండు కొక్కేల మీద కూర్చుని ఉంది. మా ప్రాంతం గేట్లన్నీ అంతే, ఎత్తితే వచ్చేస్తాయి. గొడ్లు కొమ్ములతో ఎత్తకుండా పై కొక్కేన్ని తిరగేసి పెడతారు కొందరు. ఈ దారిన గొడ్లు రావని మా నాన్న తిరగేయలేదు. వంగి, కింద చెయ్యి పెట్టి, భుజం ఆనించి ఎత్తాను. ఓక్ బరువు. నడుంలో ఏదో చురుక్కుమంది. గేటు కొక్కేల్లోంచి లేచి, గొలుసు చుట్టూ తలుపులా తిరిగింది.

"ఇది దౌర్జన్యం కిందికి వస్తుంది," అన్నాను రొప్పుతూ. "లెక్కలోకి రాదు."

"ఎవరైనా అడిగితే నీకు వేరేగా గుర్తుందని చెప్పు," అంది మేవిస్. "తొయ్యి."

గడ్డి మోకాలి దాకా పెరిగింది. అయినా కింద బాట గట్టిగానే ఉంది. చక్రాలు దిగబడలేదు. హాల్ ముందునుంచే వెళ్ళాం. ఎవరూ పిలవలేదు. యూ చెట్టు కింద ఆకులు ఊడ్చి, కుర్చీ వాడి పక్కగా పెట్టి, నేను కంచె దగ్గరికి వెళ్ళాను. కంచె పాడైపోయింది. ఏడాదిగా ఎవరూ కొమ్మలు కొట్టలేదు. ముళ్ళతీగలు సమాధుల్లోకి పాకుతున్నాయి. వెనకనుంచి మేవిస్ గొంతు వినబడుతూనే ఉంది. చెప్పాల్సినవి చాలా పోగుపడి ఉన్నాయి కాబోలు. నన్ను కూడా తిట్టుకుంది, నా పేరు వినిపించింది.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర మిస్ టఫ్లీ నిలబడి ఉంది, చేతికర్ర మీద ఆనుకుని. పక్కకు పడి ఉన్న గేటునూ, మేవిస్ ఒళ్ళో అలాగే ఉన్న బుట్టనూ చూసింది.

"అడిగారా?"

"అడిగాం," అంది మేవిస్. "ఎవరూ పలకలేదు."

"ఎవరికీ ఇవ్వలేదా?"

"ఎవరికిస్తాం?" అన్నాను.

ఆవిడ ముందుకు వచ్చి, మేవిస్ ఒళ్ళోంచి బుట్ట తీసుకుంది. వంకర వేళ్ళతో గుడ్డ కింద చెయ్యి పెట్టి పాకం గిన్నె తడిమింది. మూత కట్టు విప్పలేదు.

"అయితే ఈ ఏడు తప్పిందన్నమాట," అంది.

నేను గేటు మళ్ళీ కొక్కేల మీదికి ఎత్తుతున్నాను. పైది పడింది, కిందిది పడటం లేదు.

ఆవిడ ఊరి వైపు తిరిగి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి చూడలేదు.

"మొదటిసారేం కాదులే," అంది.

కర్ర చప్పుడు రోడ్డు మీద దూరమయ్యేదాకా గేటు బరువంతా నా చేతుల మీదే ఉంది.